మైపాడు రోడ్డు షెడ్డులో మస్టాంగ్‌కు సూపర్‌చార్జర్: ప్రాజెక్టు డైరీ

కార్తీకం: నిర్ణయం

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే రోడ్డులో మాకు ఒక చిన్న రొయ్యపిల్లల హేచరీ ఉంది. దాని వెనక రేకుల షెడ్డులో 2017 నాటి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఉంది. ఆ బండి ఇంజిన్ మీద సూపర్‌చార్జర్ కిట్‌ను మేమే బిగించాలని తీర్మానించుకున్నాం కాబట్టి, పని ఎక్కడిదాకా వచ్చిందో, ఏ దశలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. మేము అంటే నేను, ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు, హేచరీలో గాలి బ్లోయర్లు చూసుకునే పెద్ద మేస్త్రి.

మస్టాంగ్ మన దేశంలో అధికారికంగా అమ్మకానికి వచ్చింది 2016 జులైలో. కుడివైపు స్టీరింగుతో, ఆరు గేర్ల ఆటోమేటిక్‌తో మాత్రమే ఇచ్చారు. ఇంజిన్ 4951 సీసీ వీ8, కంప్రెషన్ నిష్పత్తి 11:1, శక్తి 401 పీఎస్, టార్క్ 515 న్యూటన్ మీటర్లు. అది చాలదా అని ఇంట్లో అడిగారు. చాలుననే చెప్పాను, చాలినా ఈ పని చేయాలనే ఉందని కూడా చెప్పాను.

ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపడానికి రెండు దారులున్నాయి. సైలెన్సరు వైపు పోయే వేడి వాయువులతో తిరిగేది టర్బో అయితే, క్రాంకు పుల్లీ నుంచి బెల్టుతో తిరిగేది సూపర్‌చార్జర్. టర్బో పెట్టాలంటే ఎగ్జాస్టు పైపులు విప్పి కొత్తగా కట్టాలి. కుడి స్టీరింగు బండిలో స్టీరింగు షాఫ్టు ఆ పక్క ఎగ్జాస్టు మానిఫోల్డుకు దగ్గరగానే కిందికి దిగుతుంది కాబట్టి, అమెరికా బండ్ల కోసం వంచిన పైపులు ఇక్కడ ఇమడతాయన్న భరోసా లేదు. రెండు సిలిండర్ వరుసల నడుమ, సిలిండర్లకు గాలి పంచే పాత ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డు ఉన్న చోటనే కూర్చునే సూపర్‌చార్జర్‌కు ఆ చిక్కు లేదు. పైగా ఎప్పుడైనా వద్దనుకుంటే విప్పేసి పాత మానిఫోల్డు పెట్టుకోవచ్చు. అందుకే విప్పిన ప్రతి భాగాన్నీ బోల్టులతో సహా డబ్బాల్లో పేర్లు రాసి దాచాలన్నది మొదటి రోజు పెట్టుకున్న నియమం.

చట్టం సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాటను గట్టిగా చెప్పింది. ఇన్సూరెన్సు కూడా ఇలాంటి బండికి నిలవదు. కాబట్టి ఈ బండి ఇకమీదట రోడ్డెక్కదు. ట్రైలరు మీద శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు వెళ్లి, అక్కడ తిరిగి, ట్రైలరు మీదే ఇంటికొస్తుంది. ఒకప్పుడైతే మన నెల్లూరు వాళ్లకు ఇంకా దగ్గర, చెన్నై హైవే మీద రెడ్‌హిల్స్ రాకముందే షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీద పోటీలు జరిగేవి.

మార్గశిరం: పెట్టె

చెన్నైలో దిగిన చెక్కపెట్టె ఇంటికి చేరింది. సుంకం, కాగితాల తంతు రాయడం మొదలుపెడితే అదే ఒక వేరే డైరీ అవుతుంది కాబట్టి వదిలేస్తున్నాను.

సూపర్‌చార్జర్ లోపల ఉన్నవి ఈటన్ కంపెనీ టీవీఎస్ (ట్విన్ వోర్టిసెస్ సిరీస్, మన స్కూటర్ల టీవీఎస్ కాదు) ఆర్2300 రోటర్లు. ఒక్క చుట్టు తిరిగితే 2.3 లీటర్ల గాలిని అవతలికి నెడతాయి. మేస్త్రి పెట్టె మీదికి వంగి, ముందున్న పుల్లీని చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. "ఇది మన బ్లోయరే గదబ్బయ్యా, కాకుంటే లోబుల్ని మెలి తిప్పినారంతే," అన్నాడు. ఆయన అన్నది అక్షరాలా నిజం. హేచరీ ట్యాంకుల్లో రొయ్యపిల్లలకు రాత్రింబవళ్లు గాలి అందించే రూట్స్ బ్లోయరు, ఈ సూపర్‌చార్జరు ఒకే వంశానివి. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్ ఊరికి చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంటు తీసుకున్న యంత్రమే రెండింటికీ మూలం. దాన్ని కారు ఇంజిన్‌కు తగిలించి మెర్సిడెస్ 1921 బెర్లిన్ ప్రదర్శనలో అమ్మకానికి పెట్టింది. మా బ్లోయరు రోటర్లకు తిన్నని మూడు లోబులు, అంటే గాలిని నెట్టే ఉబ్బెత్తు రెక్కలు, ఉంటే, దీనిలో ఒక్కో రోటరుకు నాలుగు లోబులు, అవి 160 డిగ్రీలు మెలి తిరిగి ఉంటాయి. ఆ మెలిక వల్ల గాలి దఫదఫాలుగా కాకుండా కుదురుగా వెళ్తుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. రోటర్లు ఒకదాన్నొకటి తాకవు, ముందువైపు గేర్లు వాటి మధ్య సందును కాపాడతాయి. ఆ గేరు కేసుకు మాత్రమే సొంత ఆయిలు ఉంటుంది, రోటర్లు పొడిగానే తిరుగుతాయి. ఈ సంగతులు మాన్యువల్‌లో చదివి మేస్త్రికి చెప్పబోతే, ఆయనే నాకు ముందుగా చెప్పాడు.

ఈ రకం యంత్రంలో ఉన్న ఇబ్బంది వేడి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ఎంత వేడెక్కుతుందో కాగితం మీదే లెక్క కట్టవచ్చు. బయట 40 డిగ్రీలున్న రోజున 0.55 బార్ ఒత్తిడికి నొక్కితే, యంత్రం సామర్థ్యం 65 శాతం అనుకుంటే, బయటికొచ్చే గాలి 104 డిగ్రీలుంటుంది. ఒత్తిడిని 0.4 బార్‌కు తగ్గిస్తే 89 డిగ్రీల దగ్గర ఆగుతుంది. డిసెంబరు ఉదయం 28 డిగ్రీల్లో అదే 0.4 బార్‌కు 75 డిగ్రీలే. కిట్ కేటలాగులో రాసిన హార్స్‌పవర్‌ను మన ఎండ మన్నించదు. అందుకే కిట్‌తో వచ్చిన పుల్లీని పక్కన పెట్టి, దానికంటే వ్యాసంలో 10 శాతం పెద్ద పుల్లీని విడిగా తెప్పించాను. పుల్లీ 10 శాతం పెద్దదైతే రోటర్ల వేగం 9 శాతం తగ్గుతుంది, ఒత్తిడి 0.4 బార్ చుట్టుపక్కల నిలుస్తుంది. మేనల్లుడికి ఇది నచ్చలేదు. "ఇంత దూరం వచ్చి శక్తి తగ్గించుకోవడం ఎందుకు మామా?" అన్నాడు. పెట్రోలు సంగతి వచ్చినప్పుడు మాట్లాడుకుందామని వాయిదా వేశాను.

పుష్యం: విప్పడం

విప్పకముందే ఇంజిన్ ఎలా ఉందో తేల్చుకోవాలి, ఎందుకంటే లోపమున్న సిలిండరు మీద అదనపు ఒత్తిడి పెడితే ఆ లోపం పిస్టన్ దాకా పోతుంది. ఎనిమిది సిలిండర్ల కంప్రెషన్ చూశాం, అన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ప్లగ్గుల రంగు కూడా బాగుంది.

ఆ తర్వాత ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపించి, లైనులో ఒత్తిడి పోయాకే బ్యాటరీ నెగటివ్ విప్పాం. షెడ్డులో ఆ రోజు గ్యాస్ వెల్డింగు పని పెట్టవద్దని అందరికీ ముందే చెప్పాను. కూలెంట్ దించడం, స్ట్రట్ బ్రేసు, గాలి పెట్టె, థ్రాటిల్ బాడీ, ఇంజెక్టర్ల రైళ్లు తీయడం పానాలు, సాకెట్ సెట్టు ఉన్న ఎవరైనా చేయగలిగిన పనే. పాత ఇన్‌టేక్ మానిఫోల్డు పైకి లేవగానే ఎనిమిది రంధ్రాలు ఆకాశంలోకి నోళ్లు తెరుచుకుంటాయి, వాటి కిందే వాల్వులు. వాటిని మూయడానికి మెకానిక్ షెడ్లలో బనియన్ వేస్టు కుక్కడం మామూలే గానీ, దాని నూలుపోగు ఒకటి లోపల మిగిలినా చాలు. మేము ఒక్కో రంధ్రానికి వెడల్పాటి టేపు అంటించి, పైన అట్ట కప్పాం.

రెండు సిలిండర్ వరుసల నడుమ ఉన్న లోయ లోపల చూసినది మాత్రం ఎదురుచూడనిది. నల్లటి దుమ్ము మధ్య రొయ్యల మేత గుళికలు అక్కడక్కడా పడి ఉన్నాయి, ఒక మూల పీచు పోగేసి ఉంది. మేత గోడౌన్ పక్కన షెడ్డు కాబట్టి ఎలుకలు ఇక్కడికి చేరాయి. చల్లారిన ఇంజిన్ లోయ వాటికి వెచ్చని గూడు. టార్చి వేసి చూస్తే ఎడమవైపు నాక్ సెన్సరు తీగ మీది నల్ల తొడుగు అంగుళం మేర కొరికేసి, లోపలి రాగి మెరుస్తోంది. ఇంజిన్ లైటు వెలగలేదు కాబట్టి ఈ భాగాన్ని విప్పకపోతే ఎన్నాళ్లైనా తెలిసేది కాదు. పెట్రోలు మిశ్రమం సమయానికి ముందే పేలితే ఆ చప్పుడు విని ఇగ్నిషన్‌ను వెనక్కి తగ్గించమని, అంటే ప్లగ్గు నిప్పురవ్వను కాస్త ఆలస్యం చేయమని, కంప్యూటరుకు చెప్పేవి ఈ సెన్సర్లే, సూపర్‌చార్జర్ ఉన్న ఇంజిన్‌కు వీటికంటే ముఖ్యమైన కాపలా లేదు. సెన్సరుతో పాటు కనెక్టరు దాకా తీగ కొత్తది వేశాం, మిగతా తీగలకు గాజుపీచుతో అల్లిన తొడుగు ఎక్కించాం. షెడ్డు నుంచి మేత బస్తాలు కూడా అవతలికి మార్పించాను.

కిట్‌తో వచ్చిన కింది మానిఫోల్డు అల్యూమినియంతో పోత పోసినది. దాని అంచులు సమతలంగా ఉన్నాయో లేదో చూడటానికి వర్క్‌షాపు సర్ఫేస్ ప్లేటు మా దగ్గర లేదు గానీ, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలక ఉంది. సర్ఫేస్ ప్లేటంత కచ్చితత్వం దానికి ఉండదు, అయినా పదో వంతు మిల్లీమీటరు వంకర పట్టుకోవడానికి సరిపోతుంది. మానిఫోల్డును పలక మీద బోర్లించి, చుట్టూ ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే ఎక్కడా దూరలేదు.

మాఘం: ముందు భాగం

ఈ మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం పెట్టింది ఇక్కడే, పెట్టవలసిందీ ఇక్కడే అని నా అభిప్రాయం. ఈ కిట్‌లో రోటర్ల నుంచి వచ్చిన వేడి గాలి నేరుగా సిలిండర్లలోకి పోదు, దారిలో నీటితో చల్లబడే ఇంటర్‌కూలరు గుండా వెళ్తుంది. ఆ నీరు ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపుతో బండి ముందున్న రెండో రేడియేటర్‌లోకి వెళ్లి, అక్కడ చల్లబడి, రిజర్వాయర్ గుండా తిరిగి వస్తుంది. ఈ సర్క్యూట్ ఇంజిన్ కూలెంట్‌తో కలవదు. ఎంత మంచి ఇంటర్‌కూలరైనా గాలిని ఆ నీటి వేడికంటే చల్లబరచలేదు, ఆ నీరు బయటి గాలికంటే చల్లబడలేదు. 40 డిగ్రీల ఎండలో నీరు 45కు దిగితే గొప్ప.

ముందు బంపర్ విప్పి, ఏసీ కండెన్సర్ ముందర రెండో రేడియేటర్ బిగించాం. కిట్ బ్రాకెట్లతో బిగిస్తే దాని పక్కల వేళ్లు దూరేంత సందు మిగిలింది. గాలి ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది కాబట్టి ఆ సందుల్లోంచి జారిపోయి రేడియేటర్ గుండా రాదు. పాత రబ్బరు షీటును కోసి చుట్టూ అంచు కట్టి, బంపర్ నోట్లోంచి వచ్చిన గాలి మొత్తం రెక్కల గుండానే పోయేలా చేశాం. పైసా ఖర్చు లేని ఈ పని వల్ల కలిగే మేలు, ఇంకో అంగుళం మందం రేడియేటర్ కొన్నా రాదు.

మాన్యువల్ నీళ్లు, కూలెంట్ సగం సగం కలపమంది. ఆ సగం గ్లైకాల్ మంచు దేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా ఉండటానికి. నెల్లూరులో ఆ భయం లేదు, పైగా గ్లైకాల్ పెరిగేకొద్దీ నీరు మోసుకెళ్లగల వేడి తగ్గుతుంది. అల్యూమినియం తుప్పు పట్టకుండా, పంపు సీలు ఎండిపోకుండా ఉండటానికి 30 శాతం చాలుననుకొని 70 పాళ్లు నీళ్లు పోశాం. ఆ నీళ్లు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న మా బోరు నీళ్లు పోస్తే ఏడాది తిరిగేసరికి ఇంటర్‌కూలరు గొట్టాల్లో తెల్లటి పొర కట్టడం ఖాయం. ఉప్పుగాలికి బండి ముందు భాగంలోని ప్రతి కనెక్టరు లోపల డైఎలక్ట్రిక్ గ్రీజు పూశాం. పంపు రిలేను, ఫ్యూజును బంపర్ వెనక కాకుండా ఇంజిన్ గదిలో ఎత్తుగా పెట్టాం.

శివరాత్రి తర్వాత: బిగింపు

మానిఫోల్డు, ఇంటర్‌కూలరు, సూపర్‌చార్జర్ కలిపి ఒకే దిమ్మగా కూర్చోవాలి. ఇద్దరు మనుషులు ఎత్తగలిగిన బరువే గానీ, బానెట్ మీదుగా వంగి, తడబడకుండా, ఎనిమిది ఓ-రింగులు గాడుల్లోంచి జారకుండా దించడం చేతులతో అయ్యే పని కాదు. చెరువు మోటార్లు ఎత్తే చైన్ బ్లాక్‌ను షెడ్డు దూలానికి తగిలించి, మెత్తని బెల్టు చుట్టి, దిమ్మను రంధ్రాల మీదికి తెచ్చాం. చైన్ లాగింది మేస్త్రి. నేను ఒక పక్క, మేనల్లుడు ఇంకో పక్క గైడ్ పిన్నుల మీద కళ్లు పెట్టి, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపు" అంటూ దించాం. టేపులు తీసింది దించే ముందు క్షణంలోనే, అట్ట మీద రాసుకున్న జాబితాలో ఎనిమిది గీతలు కొట్టాకే.

బోల్టులు మధ్య నుంచి బయటికి, అడ్డంగా మారుస్తూ, రెండు విడతల్లో బిగించాం. ఆరు మిల్లీమీటర్ల బోల్టులకు 10 న్యూటన్ మీటర్లు చాలు. అల్యూమినియం హెడ్డులో మర పాడైతే అది కిట్ ఖర్చులో కనిపించని ఖర్చవుతుంది, కాబట్టి టార్క్ రెంచి లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటి రకానివి వేశాం. కంపెనీ ఇచ్చే గ్యాపు 1.25 మి.మీ.కు పైన ఉంటుంది, ఒత్తిడి పెరిగిన గాలిలో అంత సందును నిప్పురవ్వ దాటలేదు కాబట్టి 0.9 మి.మీ.కు కుదించాం. కొత్త ఇంజెక్టర్ల ఓ-రింగులకు కొంచెం ఇంజిన్ ఆయిలు రాసి, తిప్పుతూ నొక్కాం.

ఫాల్గుణం: బెల్టు, పైపులు, తీగలు

500 హార్స్‌పవర్ ఇంజిన్‌కు కావలసిన గాలిని 0.4 బార్‌కు నొక్కడానికే దాదాపు 25 హార్స్‌పవర్ పోతుంది. మా హేచరీ పెద్ద బ్లోయర్ మోటారు కూడా అంత లేదు, అంత శక్తినీ ఇక్కడ ఒక్క బెల్టు మోయాలి. అందుకే పుల్లీని బెల్టు ఎంత మేర చుట్టుకుంటుందన్నది కీలకం. పెద్ద పుల్లీ ఇక్కడ కూడా మేలు చేసింది. పుల్లీలన్నీ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడటానికి ఇనుప స్కేలు ఆనించి, మధ్యలో ఉన్న ఐడ్లరు కింద ఒక పలుచటి వాషరు వేశాం.

ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి లాగే పీసీవీ పైపు సూపర్‌చార్జర్ ఒత్తిడికి ఎదురు తన్నకుండా చెక్ వాల్వు, ఆయిలు ఆవిరి ఇంటర్‌కూలరు మీద పేరుకోకుండా ఒక క్యాచ్ క్యాను పెట్టాం. ఆయిలు ఆవిరి గాలిలో కలిస్తే పెట్రోలు ఆక్టేన్, అంటే సమయానికి ముందే పేలకుండా తట్టుకునే గుణం, పడిపోతుంది, మనకున్న ఆక్టేనే అంతంత మాత్రం.

బైపాస్ వాల్వు ఎలా పనిచేస్తుందో చేత్తో వాక్యూమ్ పంపు పెట్టి చూశాం. ఐడిలింగులో మానిఫోల్డులో ఉండే శూన్యం దాన్ని తెరిచి ఉంచుతుంది, రోటర్లు తిరిగినా గాలి చుట్టూ తిరిగి వాటి దగ్గరికే వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే శూన్యం పోయి, స్ప్రింగు దాన్ని మూసేస్తుంది.

ఉగాదికి ముందు: పెట్రోలు, ట్యూను

ట్యూను అంటే ఎంత పెట్రోలు చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో ఇంజిన్ కంప్యూటరుకు చెప్పే ప్రోగ్రాము. కిట్‌తో వచ్చేది అమెరికాలో 93 ఆక్టేన్ పెట్రోలుకు రాసింది. అక్కడి బంకుల మీద కనిపించే అంకె రిసర్చ్, మోటార్ అనే రెండు పరీక్షల సగటు. మన దగ్గర చెప్పేది రిసర్చ్ అంకె ఒక్కటే. కాబట్టి వాళ్ల 93 మన లెక్కలో సుమారు 98. ఈ తేడా తెలియక, మన దగ్గర 95 ఉంది, 93 కంటే ఎక్కువే కదా అని ఆ ట్యూనుతోనే తొక్కితే, ఇంజిన్ ఆయువు పిస్టన్ రింగుల దగ్గర తేలిపోతుంది. మేనల్లుడికి పెద్ద పుల్లీ ఎందుకో ఈ కాగితం ముందు కూర్చున్నాకే ఒప్పుకోబుద్ధయింది.

రెండో సంగతి ఇథనాల్. 2025 నాటికి మన బంకుల్లో మామూలు పెట్రోలు 20 శాతం ఇథనాల్ కలిసినదే. ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది, ఆవిరయ్యేటప్పుడు వేడిని లాగేసి చల్లబరుస్తుంది కూడా. అందుకే దాన్ని నేను శత్రువుగా చూడను. కానీ దానిలో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. ఒట్టి పెట్రోలుకు 14.7 పాళ్లు గాలి సరిపోతే, 10 శాతం ఇథనాల్ ఉంటే 14.1, 20 శాతం ఉంటే 13.5. అమెరికా ట్యూను 10 శాతానికి రాసింది, అంటే మన పెట్రోలుకు 4 శాతానికి పైగా ఎక్కువ చిమ్మాలి. మెల్లగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్లు ఆ తేడాను సరిదిద్దుతాయి. పూర్తిగా తొక్కినప్పుడు ఆ దిద్దుబాటు మీద ఆధారపడటం ప్రమాదం. కాబట్టి ట్యూనర్‌కు మన ఇంధనం వివరాలు రాసి పంపి, అంకెలన్నీ గాలి-పెట్రోలు పాళ్లలో కాకుండా లాంబ్డాలో చూద్దామని ముందే అనుకున్నాం. ఏ ఇంధనమైనా లాంబ్డా 1 అంటే సరిగ్గా సరిపోయిందనే అర్థం, 1 కంటే తగ్గితే ఇంధనం ఎక్కువ ఉన్నట్టు.

చివరకు రెండు ట్యూన్లు తయారయ్యాయి. ఒకటి 95 ఆక్టేన్‌కు, ఇగ్నిషన్ బాగా వెనక్కి పెట్టింది, ఇంటి దగ్గర పరీక్షలకు. రెండోది 100 ఆక్టేన్ పెట్రోలుకు, చెన్నైలో ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 దొరికే బంకులో నింపుకొని ట్రాక్‌కు వెళ్లే రోజుకు. ట్యాంకులో ఉన్న పాత పెట్రోలు పూర్తిగా తీయకుండా రెండో ట్యూను ఎక్కించకూడదన్నది షెడ్డు గోడ మీద పెయింటుతో రాయించిన రెండో నియమం.

చైత్రం: మొదటి స్టార్ట్

ముందు తాళం ఆన్ చేసి పంపు ఒత్తిడి పెంచనిచ్చి, టార్చితో ప్రతి ఇంజెక్టరు చుట్టూ చూశాం. తడి లేదు, వాసన లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి క్రాంకు చేస్తే ఈ బండిలో ఇంజెక్టర్లు తెరుచుకోవు కాబట్టి, అలా కొన్ని క్షణాలు తిప్పి ఆయిలు పైకి చేరనిచ్చాం. ఆ తర్వాత మామూలుగా స్టార్ట్ చేస్తే వెంటనే అందుకుంది. ఐడిలింగులో రోటర్ల గేర్ల నుంచి సన్నటి గరగర వస్తుంది, అది ఈ యంత్రం స్వభావం. మేస్త్రి పొడవాటి స్క్రూడ్రైవరు మొన గేరు కేసు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, "బేరింగులు నిమ్మళంగా ఉండాయి" అని తేల్చాడు.

ఇంటర్‌కూలరు సర్క్యూట్‌లో మాత్రం గాలి చిక్కుకుంది. రిజర్వాయర్‌లో నీరు కదలడం లేదు, పంపు మోత మాత్రం వినపడుతోంది. బండి ముందు చక్రాలను ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టి, రిజర్వాయర్‌ను అన్నిటికంటే ఎత్తున ఉండేలా చేసి, పై హోస్ పైపును కొంచెం వదులు చేస్తే బుడగలన్నీ వచ్చేశాయి. ఆ తర్వాత రిజర్వాయర్ మూత తీసి చూస్తే నీరు సుడి తిరుగుతూ కనిపించింది. ఈ సుడి కనిపించకుండా బండిని తొక్కకూడదు.

వైశాఖం: డైనో

చెన్నైలో ఒక డైనో (చక్రాల దగ్గర బండి శక్తిని కొలిచే యంత్రం) మీద కిట్ బిగించాక మొదటి కొలతలు తీసుకున్నాం. సగం థ్రాటిల్‌తో మొదలుపెట్టి, ప్రతి పరుగు రికార్డును చదివాకే తర్వాతి పరుగుకు వెళ్లాం. పూర్తిగా తొక్కినప్పుడు లాంబ్డా 0.80 నుంచి 0.82 మధ్య నిలిచింది, నాక్ సెన్సర్లు ఇగ్నిషన్‌ను వెనక్కి లాగలేదు, ఇంజెక్టర్లు తెరిచి ఉండే కాలం 85 శాతం దాటలేదు. చక్రాల దగ్గర ఎంత వచ్చిందని అందరూ అడుగుతారు. డైనోకు డైనోకు తేడా ఉంటుంది కాబట్టి ఆ అంకెను ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు. అదే డైనో మీద కిట్ లేనప్పుడు కొలిచి ఉన్నదానితో పోలిస్తే మాత్రం, మేము ఆశించినంతా వచ్చింది. మేనల్లుడు చిన్న పుల్లీ మాట మళ్లీ ఎత్తలేదు.

రోహిణి కార్తె: వేడి

ఈ కిట్‌కు అసలు పరీక్ష ఇది. బయట 41 డిగ్రీలున్న మధ్యాహ్నం ట్రైలరు మీద ట్రాక్‌కు తీసుకెళ్లాం. 3.7 కి.మీ. ట్రాక్‌లో మొదటి రౌండులో ఇంటర్‌కూలరు దాటాక గాలి వేడి 55 డిగ్రీల చుట్టుపక్కల ఉంది. రౌండ్లు పెరిగేకొద్దీ అది 65 దాటి, కంప్యూటరు తన ట్యూను ప్రకారమే ఇగ్నిషన్ వెనక్కి తగ్గించింది, బండి కొంచెం నిదానించింది. ఇది ఇంజిన్ తనను తాను కాపాడుకోవడం, లోపం కాదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలు వేడి కూడా అదే వేగంతో పెరిగింది, దానికి పెద్ద కూలరు వేసేదాకా వరసగా ఎక్కువ రౌండ్లు తిరగకూడదని నిర్ణయించాం.

రిజర్వాయర్‌లో ఐసు వేస్తే సరిపోతుంది కదా అని మేస్త్రి అన్నాడు. రొయ్యల ఊళ్లో ఐసుకు కొదవ లేదు. లెక్క వేసి చూశాను. 5 కిలోల ఐసు కరిగేటప్పుడు తీసుకునే వేడి సుమారు 1670 కిలోజౌళ్లు. పూర్తిగా తొక్కినప్పుడు ఇంటర్‌కూలరు నీటిలోకి చేరే వేడి సెకనుకు సుమారు 12 కిలోజౌళ్లు. అంటే రెండు నిమిషాలకు కాస్త పైన, పూర్తిగా తొక్కే సమయాన్నే లెక్కపెడితే రెండు మూడు రౌండ్లు. రేసుకు అది చాలదు గానీ, ఒక్క మంచి రౌండు కొట్టడానికి చాలు. అయితే ఐసు ఫ్యాక్టరీ నీళ్లు మా డిస్టిల్డ్ వాటర్‌లో కలవకూడదు. కాబట్టి ఐసు పెట్టె లోపల మునిగి ఉండేలా, రెక్కలున్న పలుచటి అల్యూమినియం గొట్టం చుట్ట ఒకటి చేయిస్తున్నాం. సర్క్యూట్ నీరు ఆ గొట్టం గుండా తిరిగి వస్తుంది, ఐసు బయటే ఉంటుంది. వెల్డింగు పని నెల్లూరులో జరుగుతోంది. గొట్టాలకు లీకు పరీక్ష అయ్యాక, అదే ట్రాక్‌లో అదే వేళకు ఐసుతో, ఐసు లేకుండా రెండు కొలతలు తీసుకొని ఇక్కడ చేరుస్తాను. ఆలోగా సూపర్‌చార్జర్ గేరు ఆయిలు మట్టం చూడటం, బెల్టు అంచులు అరిగాయేమో చూడటం, మానిఫోల్డు బోల్టుల టార్క్ మరోసారి సరిచూడటం మేనల్లుడి వంతు.